మా బుజ్జమ్మ మధ్యాహ్నం బ్యాచి

బుజ్జమ్మా, నువ్వు పోయావని మీ పిన్ని వచ్చి చెబితే నేను నమ్మలేదు. ఏలూరు పెద్దాసుపత్రిలో నిన్ను మీ నాన్నకి అప్పజెప్పి, ఉతికిన బట్టలు తెద్దామని పొద్దున్నే ఇంటికొచ్చాను. దండెం మీంచి నీ చున్నీ తీస్తుంటే మీ పిన్ని సెల్లు పట్టుకుని వాకిట్లో నిలబడింది. "ఎవరు చెప్పారు? నువ్వే విన్నావా? ఆ గొంతు మీ బావగారిదేనా?" అని అడిగాను. ఏడుస్తూనే అన్నిటికీ జవాబు చెప్పింది. ఆస్పత్రికి వెళ్ళి నీ పాదాలు పట్టుకుని చూసేదాకా నాకు నమ్మకం కలగలేదు.

చదివేవాళ్ళు నన్ను తప్పుగా అనుకోవద్దు. ఎవరేం చెప్పినా ముందు నమ్మకపోవడం నా అలవాటు. అమ్మాయిని తలుచుకుని ప్రార్థన చేసే ఆదరణ కూడికలో పంచే కాగితానికి అమ్మాయి గురించి నన్నే రాయమన్నారు మా పాస్టరుగారు. నేను చదివింది ఐదో తరగతి. ఇంతమంది చదువుకున్నవాళ్ళుండగా నన్నెందుకు అడుగుతున్నారా, ఇందులో ఏముందా అని రెండు రోజులు ఆలోచించాను. ఏమీ లేదని తేలాక కలం పట్టాను.

మాది కొల్లేటి లంక. చేపల చెరువుల మీద బతికేవాళ్ళం. గవర్నమెంటువాళ్ళు చెరువుల గట్లు కొట్టేశాక పని లేక దెందులూరు పక్కకి వచ్చి ఇల్లు వేసుకున్నాం. మా ఆయన తాడేపల్లిగూడెం వెళ్ళి ఉల్లిపాయల మూటలు మోస్తారు. నేను వరి పనులకి వెళ్తాను. పక్కనే ఉండే మా తోటికోడలు, అంటే అమ్మాయి పిన్ని, హైవే మీదున్న రొయ్యల షెడ్డులో తలలు తీస్తుంది. చెరువులు పోయినప్పుడు ఉపాధి చూపిస్తామని ఎవరెవరో వచ్చి మా పేర్లు మూడుసార్లు రాసుకెళ్ళారు. మూడుసార్లూ వేలిముద్రలు వేయించుకున్నారు. ఆ తర్వాత వాళ్ళు కనబడలేదు.

అందుకే ఏలూరులో కుట్టు సెంటరు పెట్టారనీ, గవర్నమెంటు గ్రాంటుతో ఆడవాళ్ళకి ఊరికే నేర్పిస్తారనీ, నేర్చుకున్నాక బట్టల కంపెనీలో ఉద్యోగాలిస్తారనీ, నేర్పడానికి తనని తీసుకున్నారనీ మా అమ్మాయి సంబరంగా వచ్చి చెబితే నా మొహం మారిపోయింది.

"ఊరికే ఎవరు నేర్పుతారే? వాళ్ళకేంటంట లాభం?"

"నేర్చుకున్న ఒక్కొక్కరి లెక్కన సెంటరుకి గ్రాంటు వస్తదమ్మా."

"అదీ చెప్పు. మనుషుల్ని చూపించి తెచ్చుకుంటారన్నమాట."

"నీకు చెప్పలేను గానీ, నువ్వే వచ్చి చూసుకో" అని నవ్వేది. ఎప్పుడూ అదే మాట. నేను వెళ్ళేదాన్ని కాదు.

ఒకరోజు సంచీ నిండా పాత పేపర్లు తెచ్చింది. వాటి మీద వరసలు వరసలుగా సూది బొక్కలున్నాయి, దారం లేదు. చూశారా, బట్ట కొనాల్సిన డబ్బులు కూడా తినేశారు అనుకున్నాను. అదే అన్నాను. మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. మిషను కొత్తగా తొక్కేవాళ్ళకి ముందు దారం ఎక్కించరట, కాగితం మీద గీతలు గీసి వాటి వెంట ఉత్త సూదితో కుట్టిస్తారట. కాలూ చెయ్యీ కుదిరాకే బట్ట ఇస్తారట. గీత తప్పినవాళ్ళని తను ఏమీ అనేది కాదు. బట్ట మీదైనా అంతే. "విప్పేద్దాం, మళ్ళీ కుడదాం" అనేది. ఇంట్లో నేను కూరలో ఉప్పెక్కువేసినా అదే మాటతో వెక్కిరించేది.

కొన్నాళ్ళకి ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. రెండింటికి రావాల్సిన పిల్ల దీపాలు పెట్టే వేళకి వచ్చేది. "ఎక్కడున్నావు? ఎవరితో ఉన్నావు?" అంటే, "పనుందమ్మా" అని ఊరుకునేది. సరిగ్గా అప్పుడే మా తోటికోడలికీ షెడ్డులో ఓవర్‌టైము మొదలైంది. ఓవర్‌టైము చేసొచ్చిన మనిషి ఒంటికి రొయ్యల వాసన ఎక్కువుండాలి కదా, తక్కువుంటోంది. పిల్లా, పిన్నీ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారని తేలిపోయింది. పెళ్ళీడుకొచ్చిన పిల్ల. నా మనసు ఎన్ని చోట్లకి పోయిందో ఇక్కడ రాయలేను.

ఒక మధ్యాహ్నం ఊడ్పు మధ్యలో వదిలేసి, కాళ్ళ బురదతోనే షేరు ఆటో ఎక్కి ఏలూరు వెళ్ళాను. సెంటరు మేడ మీద ఉంది. కిటికీలోంచి చూస్తే రొయ్యల షెడ్డు ఆడవాళ్ళు పదకొండు మంది మిషన్ల ముందు కూర్చుని ఉన్నారు. అందులో మా తోటికోడలు. మనుషుల్ని చూపించడమంటే ఇదే, వీళ్ళని కూలికి తెచ్చి కూర్చోబెట్టారు, దానికి నా కూతురే కాపలా అనుకున్నాను. తలుపు తోసుకుని లోపలికెళ్ళాను.

"ఏమే, ఇదా నీ ఉద్యోగం?"

మా తోటికోడలు తలెత్తకుండానే అంది: "అక్కా, కాసేపు ఆగి తిట్టు. చంక దగ్గర కుడుతున్నాను, తప్పిపోద్ది."

అందరూ నవ్వారు. మా అమ్మాయి నవ్వలేదు. నన్ను మెట్ల మీదకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, జరిగింది చెప్పింది.

ఈ పదకొండు మంది పేర్లూ సెంటరు పెట్టినప్పటి నుంచీ రిజిస్టరులో ఉన్నాయట. ఏదో సాయం వస్తుందని వాళ్ళ రేషను కార్డుల జిరాక్సులు తీసుకున్నారట. వాళ్ళు రాకపోయినా రోజూ హాజరు పడుతోంది. వేసేది సెంటరు నడిపే ఆయన. ఒకరోజు ఆఫీసరుగారు చూడ్డానికి వస్తున్నారని వ్యాను పంపి, షెడ్డులోంచి వీళ్ళని తెచ్చి కూర్చోబెట్టారు. ఎప్పుడూ తొక్కనివాళ్ళు కదా, కాలు వెయ్యగానే చక్రాలన్నీ వెనక్కి తిరిగాయి. టకటకా దారాలు తెగిపోయాయి. ఆఫీసరుగారు ముందు గదిలో కొబ్బరినీళ్ళు తాగుతున్నారు. మా అమ్మాయి గబగబా అందరి చేతుల్లో సూదీ గుడ్డా పెట్టి, "కాళ్ళు తీసేయండి, చేత్తో అంచులు కుట్టండి" అంది. ఆయన వచ్చారు, చూశారు, వెళ్ళిపోయారు.

"అయితే నువ్వూ అబద్ధమాడావన్నమాట" అన్నాను.

"ఆడానమ్మా. పిన్ని భయపడిపోయి నా వంకే చూస్తంది. నాకింకేం తోచలేదు."

మర్నాడు ఆ సెంటరాయనతో, వీళ్ళు నిజంగా వచ్చి నేర్చుకోవాలి, లేదా పేర్లు కొట్టేయాలి అని చెప్పిందట. ఆయన నవ్వి, "మధ్యాహ్నం మిషన్లు ఖాళీయే కదమ్మా, నేర్పుకో. జీతం మాత్రం పెరగదు" అన్నాడట. అలా మొదలైంది మధ్యాహ్నం బ్యాచి. వాళ్ళు షెడ్డు పని ముగించుకుని ఒంటిగంటకి వచ్చేవాళ్ళు. వచ్చిన రోజే హాజరు. ఆ హాజరు మా అమ్మాయే వేసేది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే సెంటరుకొచ్చి గొడవ పెడతావని పిన్నినీ చెప్పొద్దన్నాను. పెట్టావుగా" అంది.

ఆ తర్వాత నాలుగు నెలలు కూడా లేదు. కామెర్లన్నారు. నీళ్ళ వల్ల వచ్చిందన్నారు డాక్టరుగారు. నాకు ఇప్పటికీ నమ్మకం లేదు.

మట్టి చేసిన మూడో రోజు సెంటరాయన బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. అమ్మాయి చాలా మంచిదన్నాడు. పైనుంచి ఎంక్వయిరీ వస్తోందన్న సంగతి చెప్పలేదు. అది నాకు తర్వాత తెలిసింది.

"అమ్మాయి పేరు మీద ఏదన్నా సాయం వచ్చేలా చూస్తానండీ. ఇక్కడ చిన్న సంతకం పెట్టండి."

"చదువుకుంటానండి."

"ఎందుకండీ శ్రమ, నేను చదివి చెప్తాను కదా."

"నా చదువు నెమ్మదండీ. మీరు కూర్చోండి."

ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివాను. ఆయన రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగాడు. హాజరు మొదటి నుంచీ మా కుమార్తే చూసుకునేది, అందులో తప్పులుంటే అవి ఆమె చేసినవే అని ఉంది అందులో.

"పోయిన పిల్ల నెత్తిన పెడతారా అండీ?"

"ఇప్పుడావిడకి పోయేదేముందండీ?" అన్నాడు.

"నాకుందండీ" అన్నాను. కాగితమూ బత్తాయిలూ తిప్పి పంపించేశాను.

మా తోటికోడలు, షెడ్డు ఆడవాళ్ళు, నేను కలిసి ఏలూరులో ఆ గ్రాంటు చూసే ఆఫీసుకి వెళ్ళాం. వాళ్ళంతా తాము మొదటగా కుట్టుకున్న జాకెట్లు సంచుల్లో తెచ్చారు. ఆ రోజు చూడ్డానికి వచ్చిన ఆఫీసరుగారే ఉన్నారు. దాచకుండా అంతా చెప్పాం. పేర్లు ఎలా వెళ్ళాయో, వ్యాను ఎలా వచ్చిందో, ఆయన ముందు చేతికుట్లు ఎందుకు కుట్టారో కూడా చెప్పాం. మా అమ్మాయి చేసిన తప్పూ దాచలేదు. ఆయన మొహం చిన్నబుచ్చుకుని, ఒక జాకెట్టు తిప్పి చూశారు.

"ఇవి మీరు కుట్టినవేనని ఏమిటమ్మా నమ్మకం?"

మా తోటికోడలు అందుకుంది: "కొన్న జాకెట్టు ఇంత వంకరగా ఉంటదాండీ?"

ఆయన కూడా నవ్వేశారు. అందరి మాటలూ విడివిడిగా రాయించారు. వాళ్ళు రాని రోజుల్లో హాజరు వేసిన రాత మా అమ్మాయిది కాదని రిజిస్టరు తెప్పించి తేల్చారు. "మీ అమ్మాయి మీద మచ్చేమీ లేదమ్మా, వెళ్ళిరండి" అన్నారు.

"ఆ మాటే రాసి, స్టాంపు వేసి ఇవ్వండి బాబూ" అన్నాను. ఇచ్చారు. బయటికొచ్చాక ముగ్గురితో విడివిడిగా చదివించుకున్నాను.

ఇప్పుడు సెంటరుకి తాళం వేశారు. బట్టల కంపెనీ వస్తుందంటున్నారు. వచ్చాక నమ్ముతాను. పదకొండు మందిలో నలుగురు ఇళ్ళ దగ్గర కుట్టుకుంటున్నారు. అది మాత్రం నా కళ్ళతో చూశాను.

ఒక్క మాట చెప్పి ఆపేస్తాను. ఆస్పత్రిలో డాక్టరుగారు, "పిల్ల మధ్యాహ్నం పూట ఏం తింటుందమ్మా?" అని అడిగారు. నాకు తెలియదు. పొద్దుటి బ్యాచి ఒంటిగంటకి లేస్తుంది, రొయ్యల షెడ్డువాళ్ళు ఒంటిగంటకి వస్తారు. మధ్యలో అన్నం తినే వేళే లేదు. టీ తాగి నిలబడేదని మా తోటికోడలు ఇప్పుడు చెబుతోంది. ఎక్కడికెళ్ళావు, ఎవరితో మాట్లాడావు, ఎందుకు ఆలస్యమైంది అని రోజూ గుమ్మంలోనే నిలబెట్టి అడిగాను. ఇన్ని అడిగినదాన్ని, తిన్నావా అని అడగలేదు.

కూడిక అయ్యాక మా ఇంటి దగ్గర భోజనాలున్నాయి. చేపల పులుసు నేనే పెడుతున్నాను. పనికెళ్ళాలనో, బస్సు వెళ్ళిపోతుందనో లేచిపోకండి. కూర్చుని, కడుపునిండా తినండి.