రెండు చెవులూ కోసిన మేక

అందరి చిన్నతనాలూ మల్లెపూల వాసనతోనో, తొలకరి మట్టి వాసనతోనో మొదలవుతాయి. నాది మేకపోతు కంపుతో మొదలవుతుంది. మొన్న గిద్దలూరు స్టేషన్లో ఒకాయన పోతును రైలుపెట్టెలోకి ఎక్కిస్తే అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం దాని చెవులకేసి చూశాను.

బేస్తవారిపేట దగ్గర మా పల్లెలో, నల్లమల సీతాఫలాలు గంపల్లో దిగే కాలమూ చలిజ్వరాల కాలమూ ఒకటే. గింజలు ఎవరు దూరం ఉమ్ముతారో అని నేనూ చెల్లెలు రూతూ పందెం వేసుకునేవాళ్ళం, అవి ఆరబోసిన సజ్జల్లో పడి అవ్వ తిట్టేది, ఆ తిట్ల వెనకే ఉడుకుతున్న సంగటి ఆవిరీ, పందిట్లో మేకపిల్ల ఉచ్చ ఘాటూ కలిసి వచ్చేవి. ఆ ఏడు రూతుకు జ్వరం పట్టుకుంది. క్వినైను వేస్తే తగ్గినట్టే తగ్గి, మళ్ళీ వచ్చేది.

అమ్మ ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. నాయన తల్లి, మా అవ్వ, బాప్తిస్మం తీసుకున్నా పోలేరమ్మతో మాటలు మానలేదు. మొక్కిన జీవానికి చెవి కోసి గుర్తు పెట్టడం మా వైపు ఆచారం. ఒక మధ్యాహ్నం అవ్వ మేకపిల్ల ఎడమ చెవి కొస కోసి పసుపద్దింది. కాళ్ళు పట్టుకున్నది నేను.

“మీ అమ్మకు చెప్తివా, నీ చెవి కూడా కోస్తా,” అంది.

అమ్మ అడిగితే, కంపలో చీరుకుందని అవ్వ చెప్పింది. నాలుగు రోజులకు అమ్మ అదే పిల్లను కోత పండుగకు చర్చికి ఇస్తానని మొక్కి, కుడి చెవి కోసింది. అప్పుడూ కాళ్ళు పట్టుకున్నది నేనే. అనుభవం వచ్చింది కాబట్టి ఈసారి బాగా పట్టుకున్నాను. అవ్వకు అమ్మ కూడా ఆ కంప కథే చెప్పింది. ఇద్దరు దేవుళ్ళు పూనుకుంటే జ్వరం ఇంకా తొందరగా పోతుందిలే అని నేను నోరు మూసుకున్నాను.

కుడి చెవి కోసిన తొమ్మిదో రోజు రూతు పోయింది. నాకు ఏడుపు రాలేదు. పూడ్చి వచ్చి, కాళ్ళు కడుక్కొని సంగటి తిన్నాను. ఉప్పు తక్కువైందని ఇప్పటికీ గుర్తు. ఆ ఇద్దరు దేవుళ్ళలో ఒకరు చూసుకుంటారులే అని ఇంకొకరు ఊరుకున్నారేమో, మా ఇంట్లో నీళ్ళు తెచ్చే పని మాదిరి, అనుకున్నాను. నేను ముందే చెప్పి ఉంటే ఏమయ్యేదో ఎవరినీ అడగలేదు.

ఓదార్చడానికి వచ్చిన పాస్టరు అయ్యగారు, పోతూ పోతూ, మాట ఇచ్చిన మేకను పంపమన్నాడు. అప్పుడు బయటపడింది రెండో చెవి సంగతి. అవ్వ మేకను తన పక్కకు లాక్కుంది.

“బిడ్డను నిలపనోళ్ళకు మేక ఏంది అయ్యగారూ? మా అమ్మకూ ఇయ్యను, మీ అయ్యకూ ఇయ్యను.”

అమ్మ ఆమెను ఆపలేదు. ఆ అత్తాకోడళ్ళు ఒక మాట మీద నిలబడడం నేను చూసింది ఆ ఒక్కసారే. చెవులు చూసి సంతలో ఎవరూ కొనలేదు, కోసుకు తినే ధైర్యం మాకూ లేదు. అది పోతై, కంపు కొట్టి, ముసలిదై చచ్చింది.

ఇప్పుడు అవ్వ లేదు. బోదగడ్డి కప్పిన చర్చి పోయి పెంకుల చర్చి వచ్చింది, సజ్జలు ఆరబోసిన చోట ఎవరిదో గోడ లేచింది. చర్చిలో వెనక వరుసలో కూర్చుంటాను, పోలేరమ్మ రాయి దగ్గర నడక తగ్గిస్తాను, రెండు చోట్లా చేతులు కట్టుకునే ఉంటాను. నువ్వు అసలు ఏ పక్కరా అని స్నేహితులు అడిగితే రైలు టైమైందంటాను.

స్టేషన్లోని పోతుకు రెండు చెవులూ నిండుగా ఉన్నాయి. రైలు కదిలాక చూసుకుంటే నా చేయి నా చెవి మీద ఉంది. ఎందుకైనా మంచిదని రెండోదీ తడిమి చూసుకున్నాను.