మూసిన గదిలో డిస్టెంపర్

మా అప్పలసూరి బావకి ఉన్న జబ్బు ఒకటే. మాటిచ్చిన రోజుకి గోడ ఆరి తీరాలి. డెబ్భై రెండులో చీపురుపల్లి దగ్గర పల్లె నుంచి విశాఖ వచ్చి, ముందు సున్నాలు వేసి, తర్వాత డిస్టెంపర్‌లో చెయ్యి తిరిగినవాడు. నీళ్లతో కలిపే రంగుకి గాలి కావాలి, తడి బయటికి పోతేనే అది గోడని పట్టుకుంటుంది. ఈ ముక్క నాకు నేర్పింది ఆయనే. అలాంటివాడు తానే గాలి ఆపేశాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు.

ఎనభై ఒకటి డిసెంబరు. జ్ఞానాపురంలో దేవకుమార్ గారి ఇల్లు. ఆయన భార్య ప్రేమలీల పసిబిడ్డతో ఆసుపత్రి నుంచి వచ్చేలోగా వెనకగదికి లేత నీలం వెయ్యమన్నాడు. హార్బరు వైపు నుంచి ఇనప ఖనిజం ఎర్రదుమ్ము ఎగిరొచ్చి తడిరంగుకి అంటుకుంటుందని మేం కిటికీలు మూసేసేవాళ్లం. త్వరగా ఆరాలని లోపల బొగ్గుల కుంపటి పెట్టేవాళ్లం. అలా పెట్టిన రోజల్లా తలపోటు, వాంతులు. రంగు వాసన అనుకునేవాడిని. డిస్టెంపర్‌కి అంత ఘాటెక్కడిదని ఓసారి అడిగితే, సుకుమారం పనికిరాదని బావ నవ్వాడు.

ఆఖరి రోజు, రేపటిదాకా గది తియ్యొద్దని పొద్దున్నే బావ దేవకుమార్ గారికి చెప్పాడు. ఆయన డ్యూటీకి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం రెండో పూత ముగించి, కుంపటి నిండా బొగ్గులు పోసి, ఇంటి తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, సందు చివర టీకొట్టుకి చేరాం. ఇంకో పని మాట్లాడటానికి ఒకాయన రావాలి.

అంతలో ప్రేమలీల, ఆమె అత్తగారు ఆరోగ్యమ్మ, ఒళ్లో బిడ్డ, రిక్షాలో మా ముందు నుంచే వెళ్లారు. ఒకరోజు ముందే పంపేశారన్నమాట. ముందుగదిలో ఉంటార్లే అన్నాడు బావ. గంట గడిచింది. నా తలపోటు తగ్గలేదు. ఉన్నట్టుండి ఆ కుంపటి గుర్తొచ్చింది.

“బావా, ఆ గది ఎచ్చగా ఉంటాది. ముసలమ్మ బాలింతని ఏ గదిలో పడుకోబెడతాదంటావ్?”

గ్లాసు వదిలేసి పరుగెత్తాడు. వెనకే నేను. కోడలూ మనవడూ వెచ్చగా హాయిగా నిద్రపోతున్నారని ఆరోగ్యమ్మ గుమ్మంలోనే చెప్పింది. బావ తలుపు తోసి, కిటికీ రెక్కలు బాది తెరిచాడు. ప్రేమలీల పిలిస్తే పలకలేదు. బిడ్డ మెడ వాలిపోయింది. ఇద్దరినీ వీధిలోకి మోసుకొచ్చాం. ఎంతసేపో తెలీదు. ముందు తల్లి కక్కుకుంది. ఆ తర్వాత బిడ్డ సన్నగా ఏడ్చాడు.

ఆరోగ్యమ్మ బావ రెండు చేతులూ కళ్లకద్దుకుంది. పాడు రంగు ఘాటుకి ప్రాణాలు పోయేవనీ, ప్రభువే నిన్ను పంపాడనీ ఏడ్చింది. బావ ఊరుకుంటే సరిపోయేది. పేరూ నిలిచేది.

“రంగు కాదమ్మా. నానెట్టిన కుంపటి,” అన్నాడు బావ. “ఏళ్లబట్టి ఎడతన్నాను. తలపోటు దానివల్లేనని నాకు తెలుసు. పని ఆగిపోతాదని నోరు మూసుకున్నాను. ఇంకెవరెట్టినా ఆర్పీండి.”

ఆరోగ్యమ్మ ఆయన చేతులు వదిలేసింది. తన చేతులు కొంగుకి తుడుచుకుని, బిడ్డని ఎత్తుకుని, మాకు దూరంగా వెళ్లి నిలబడింది.