పప్పు అని చెప్పలేకపోయిన కోటయ్య బాబాయ్

కోటయ్య బాబాయ్ పోయాడని నిన్న మా ఊరి మస్తాన్ ఫోన్ చేస్తే నమ్మలేదు.

బతికున్నవాళ్లను పోయారని చెప్పి ఊరందరినీ పరుగులు పెట్టించే పాడు అలవాటు నాది. వాడు బదులు తీర్చుకుంటున్నాడనుకున్నాను. "పొద్దున్నే వేరే పని లేదట్రా?" అని తిట్టాను.

వాడు తిరిగి తిట్టలేదు.

అప్పుడు అర్థమైంది.

ఇప్పటి పిల్లలకు బాబాయ్ తెలియదు. డెబ్బైల్లో మా తిరువూరు పత్తి మిల్లులో వంటమనిషి. నేను టెన్త్ తప్పి అదే మిల్లులో కాటా దగ్గర గుమాస్తాగా చేరాను. గంపలగూడెం, ఎ.కొండూరు వైపు రైతులు ఎడ్లబండ్ల మీద పత్తి తెచ్చేవాళ్లు. కాటా వంతు వచ్చేసరికి పొద్దుగూకేది. అందాకా మిల్లే అన్నం పెట్టాలి. అన్నం పెట్టని మిల్లుకి రైతు బండి తోలేవాడు కాదు.

పప్పు, పచ్చడి, మజ్జిగ. అంతే మెనూ.

"బాబాయ్, ఈ పప్పులో పప్పు ఎక్కడుందో చూపిస్తే టీ తాగిస్తా" అనేవాణ్ణి. గరిటె విసిరేవాడు. ఎప్పుడూ తగల్లేదు.

మిల్లు లిమిటెడ్ కంపెనీ. ఏటా ఇన్‌కమ్ టాక్స్ లెక్క చూపాలి. వ్యాపారం కోసం పెట్టిన ఖర్చు లాభంలోంచి తీసేసి, మిగిలినదానికే పన్ను. కూలీలు, ఇంజన్ ఆయిలు, లారీ కిరాయిలు, రిపేర్లు అన్నీ ఒప్పుకున్నారు. రైతుల భోజనాల దగ్గర బెజవాడ ఆఫీసరు ఆగాడు. మామూలు అన్నమైతే వ్యాపార ఖర్చు, విందులైతే కాదన్నాడు. వండేవాణ్ణే తీసుకురమ్మన్నాడు.

ఖర్చు ఒప్పుకోకపోతే వంటశాల మూసేస్తానని డైరెక్టర్ గారు ముందే చెప్పేశారు.

బెజవాడలో బస్సు దిగింది మొదలు ఆడిటర్ గారు బాబాయ్‌కి నూరిపోశారు. "పప్పు, పచ్చడి, మజ్జిగ. ఇంకో మాట వద్దు." కాగితాల సంచి మోస్తూ నేనూ వెనకే ఉన్నాను.

ఆఫీసరు మర్యాదగానే అడిగాడు. "రైతులకి ఏం పెడతావయ్యా?"

బాబాయ్ ఛాతీ విరుచుకున్నాడు.

"అట్టా అడుగుతారేంటండీ! గుత్తొంకాయ లేకుండా విస్తరేస్తానా? నెయ్యి అడక్కుండానే పోస్తా. ఆదివారం కోడి. పండగైతే బూరెలు. తమరొకసారి తిరువూరు దయచేయండి, మీకూ పెడతా!"

ఆడిటర్ గారు కళ్లు మూసుకున్నారు. ఆఫీసరు నవ్వుతూ రాసుకున్నాడు.

బయటికొచ్చాక ఆడిటర్ గారు మండిపడ్డారు. "ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ఏం రోగమయ్యా నీకు?"

"నలుగురిలో, రైతుకి ఉత్త పప్పు పోస్తున్నామని నా నోటితో ఎట్టా చెప్పనండీ? మిల్లు పరువేం కావాలి?"

తిరుగు బస్సులో నేను నవ్వుతూనే ఉన్నాను. బాబాయ్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

అవి విందులేనని తేల్చారు. వంటశాలకి తాళం పడింది.

అదే ఏడు డైరెక్టర్ గారి కారు పెట్రోలు మాత్రం వ్యాపార ఖర్చు కిందే పోయింది. ఆ కారు పత్తి మోసిందని రాశారు కాబోలు.

రైతులు బండ్లు వేరే మిల్లులకి మళ్లించారు. బాబాయ్‌ని గేటు దగ్గర కాపలాకి పెట్టారు, ఎవరూ రాని గేటుకి. కొన్నాళ్లకి మిల్లే మూతపడింది.

"అందరి కూడూ నా నోరే తినేసిందిరా" అనేవాడు.

ఆ తర్వాత ఇంట్లో కూడా పొయ్యి దగ్గరకి వెళ్లలేదు. వియ్యాలవారు వచ్చినా సరే.

మొన్నామధ్య కలిసినప్పుడు చెప్పాను. "బాబాయ్, నువ్వు పప్పని చెప్పినా వాళ్లు వంటశాల మూసేవాళ్లే. సాకు కావాలి, నువ్వు దొరికావు."



"ఆ సాకు ఇచ్చింది నేనేగా" అన్నాడు.

 



వెళ్లు బాబాయ్. ఇక్కడ దొరకని నెమ్మది అక్కడన్నా దొరకాలి. ఏం వండి పెట్టావని అక్కడ నిన్నెవరూ అడగకూడదు.