ఆవుల నెత్తురుకు కాపలా

పుంగనూరు ఆవుల బేరంలో పెంచలయ్య నోరు మూయించినవాళ్లు ఆ చుట్టుపట్ల లేరు. ఆ నోరు పూతలపట్టు పశువుల ఆసుపత్రి ముంగిట పదిమందిలో మూతబడిందంటే అది నెత్తురు పరీక్షల ల్యాబు నుంచి వచ్చిన భానుప్రియ చలవే. తన మూడు ఆవులూ అసలు జాతివని కాగితం రాసిమ్మని అతను పట్టుబట్టి కూర్చుంటే, ఆ పిల్ల ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పింది.

"మూడు పేర్లు చెప్పినావు మామా. నెత్తురు మాత్రం ఒక్క ఆవుదే ఉండాది."

"నీ డబ్బాకే జబ్బు చేసింటాది పాపా. దానికి సూదెయ్యి పో."

"అట్లే వేస్తా. ముందు మూడింటినీ ఈడికి తోలకరా. అందరి ముందరా మళ్లీ నెత్తురు తీద్దాం."

ఒకటి ఈనిందన్నాడు, ఒకటి కుంటుతోందన్నాడు, ఇంకొకటి చుట్టాలింట్లో ఉందన్నాడు. "ఆవుక్కూడా చుట్టాలుండారా అప్పా!" అని ఎవరో అనేసరికి జనం గొల్లుమన్నారు. పెంచలయ్య తుండుగుడ్డ దులుపుకొని లేచిపోయాడు.

గుంపులో ఉన్న మునెమ్మ మాత్రం నవ్వలేదు. నెత్తురు చూసి ఆవు గుట్టు లాగిన పిల్ల ఇంకెవరి గుట్టు లాగదని ఏం నమ్మకం?

ఆరా తీసింది. పిల్లది పాకాల. తండ్రి రైలు పట్టాల పని చేసేవాడు. తిరుపతిలో చదివి, అక్కడే ఒక ల్యాబులో కుదిరింది. మిషన్ ఆవు నెత్తురును కోట్ల తునకలుగా చదివి పోస్తుందట. ఏ తునక ఏ ఆవుదో కలిసిపోకుండా కంప్యూటర్లో దాచేది ఈ పిల్లేనట, ఊరగాయ జాడీలకు పేర్లు కట్టినట్టు. "జాడీ మింద పేరు మార్చేదెంతసేపు?" అని మునెమ్మ ఎదురడిగింది.

అందుకే ఒక పొద్దున ఆ పిల్ల స్కూటీ వచ్చి తన వాకిట్లోనే ఆగేసరికి, మునెమ్మ గబగబా దొడ్డి తడిక మూసి దానికి వీపు ఆనించి నిలబడింది.

"యాడికొచ్చినావు పిల్లా? మా ఆవు ఈనింది. పరాయి కళ్లు పడితే పాలు ఇంకిపోతాయి."

"లోపలికి రానులే అవ్వా."

పిల్ల ముఖం వాడిపోయి ఉంది. ఆవుల పేర్లు తనే తారుమారు చేసిందని పెంచలయ్య పైవాళ్లకు ఫిర్యాదు పెట్టాడట. అది తేలేదాకా పనిలోకి రావద్దన్నారట.

"ఎవరు ఏ పేరు మార్చినా కంప్యూటర్లో గుర్తు పడతాది అవ్వా. నేనేం మార్చలేదని చూపించినా. ఆ కంప్యూటర్ నీ చేతిలోదే కదా అంటుండారు."

"దానికి నన్నేం చెయ్యమంటావు?"

"పోయిన ఎండాకాలంలో నీ ఆవును ఎద్దుకు కట్టించేదానికి పెంచలయ్య దొడ్లో విడిచినావంట. మావాళ్లు పొద్దుకొకరు పోయి ఆడ నెత్తురు తీసింది అప్పుడే."

మునెమ్మకు ఒళ్లు మండింది. తన ఆవుకు పొద్దుకొక పేరు పెట్టి సూదులు పొడిపించాడా, వాడి పాడె గట్ట! ఆ వెంటనే ఇంకో అనుమానం లేచింది. ఇది ఈ పిల్ల అల్లుకొచ్చిన కథైతే?

"మళ్లీ నెత్తురు కావాల్నా?"

"తోక వెంట్రుకలు చాలు, కుదుళ్లతో. ఆ మూడు పేర్ల నెత్తురూ నీ ఆవుదేనని వాటితో తేలిపోతాది."

"ఆవు వెంట్రుక గడప దాటిస్తే చేతబడికి ఇచ్చినట్టే. నిన్ను నమ్మేదానికి నాకేమన్నా పిచ్చా?"

"నమ్మద్దు అవ్వా. నన్ను నమ్మేవాళ్లు తెచ్చిస్తే ఆడ ఎవురూ ఒప్పుకోరు. ఈ పక్క నీకన్నా అనుమానం మనిషి లేదన్నారు, అందుకే వచ్చినా. నీ చేత్తో నువ్వే పీకు. నీ కొంగులోనే ముడేసుకో, నన్ను తాకనియ్యద్దు. బస్సెక్కి తిరుపతికొచ్చి, అవి మిషన్లో పడేదాకా ఆడనే కూర్చో. నా మింద కన్ను మాత్రం తియ్యద్దు."