మా అత్త వండిపెట్టిన ఇల్లు

జూన్ మొదటి ఆదివారం. పొద్దెక్కకముందే వేడిగాలి మొదలైంది. కటవారియా సరాయ్‌లో నేనుండే గదికి నీళ్లు తెల్లవారుజామున కాసేపే వస్తాయి. బకెట్లు నింపుకుని, కూలర్‌లో పాత గడ్డి పీకేసి కొత్త గడ్డి కుక్కుతున్నాను. కింద స్కూటర్ ఆగిన చప్పుడైంది. మా అత్త ఫ్లాటు కింద ఉండే పంజాబీ అంకుల్ మెట్లెక్కి వచ్చాడు. ఆయన అంతకుముందెప్పుడూ నా గదికి రాలేదు.

“బేటా, చలో. తుమ్హారీ బువా నహీ రహీ,” అన్నాడు, మీ అత్త ఇక లేదని.

ఆవిడ నాకు మేనత్త, మా నాన్నకి అక్క. పొద్దున్నే డాబా మీద పిండి వడియాలు పెట్టి, కిందికొచ్చి, వంటింటి గోడకి ఆనుకుని కూర్చుందట. మళ్లీ లేవలేదు. నేను వెళ్లేసరికి కుడిచేతి వేళ్ల మధ్య పిండి ఇంకా ఆరలేదు. మునిర్కా వైపు ఆకాశం ఎర్రగా లేస్తోంది. ఆంధీ, అదే దుమ్ముగాలి, వచ్చేలా ఉందని, ఏడవడానికి ముందు డాబా ఎక్కి వడియాలు తీసుకొచ్చాను. తీయకపోతే ఊరుకునే మనిషి కాదు.

ఆ వడియాలు పెట్టిన తెల్లచీర గురించి చెప్పాలి. అది చెబితే మా అత్త గురించి చాలావరకు చెప్పినట్టే.

ఆవిడ మొగుడు ఢిల్లీలో సెంట్రల్ గవర్నమెంటు గుమస్తా. పెళ్లయిన కొన్నేళ్లకే కామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. కర్మకాండలు రేపల్లె దగ్గర అత్తవారి ఊళ్లో జరిగాయి. పెద్దకర్మ రోజు పుట్టింటివాళ్లు చీర తీసుకెళ్లడం మా ఆచారం. మాది కృష్ణకి ఇవతల ఊరు. మా నాన్న చీర పట్టుకుని రేవులో నిలబడ్డాడు. ఆ రోజు పడవ ఆలస్యమైంది. అవతల, తలస్నానం చేసిన మా అత్తని తడి జుట్టుతో విస్తరి ముందు కూర్చోబెట్టారు. విస్తరిలో ఏమీ వడ్డించలేదు. ఆవిడ బావగారు, అంటే మొగుడి అన్న, ఒక కాగితం తెచ్చాడు. తమ్ముడి వాటా పొలం తనకి వదులుకుంటున్నట్టు రాసి ఉంది.

“నీకు ఢిల్లీలో మావాడి ఉద్యోగం ఇస్తారు. పొలం నువ్వేం చేసుకుంటావమ్మా? సంతకం అయిపోతే నిశ్చింతగా తింటావు,” అన్నాడట.

ముందురోజు నుంచి ఆవిడ ఏమీ తినలేదు. సంతకం పెట్టింది. అప్పుడు అన్నం వడ్డించారు. మా నాన్న చీరతో వచ్చేసరికి అందరూ చేతులు కడుక్కుంటున్నారు.

ఆ చీర ఆవిడ ఒక్కరోజూ కట్టలేదు. పారెయ్యనూ లేదు. ప్రతి ఎండాకాలం దాని మీద వడియాలు పెట్టేది, మిరపకాయలు ఎండబోసేది. “కట్టుకోవడానికి పనికిరాలేదు, దీనికైనా పనికి రానీ,” అనేది.

ఢిల్లీ వచ్చి, మొగుడి బదులు ఆవిడకిచ్చిన ఉద్యోగంలో చేరింది. రామకృష్ణాపురంలో గవర్నమెంటు క్వార్టరు. ఎన్నో ఏళ్లు వాయిదాలు కట్టి గవర్నమెంటువాళ్లు కట్టించే డీడీఏ ఫ్లాటు సంపాదించింది. చిన్నదే. ముందుగది, పడకగది, వంటిల్లు, బాల్కనీ. తొంభైల మొదట్లో రిటైరై అందులోకి మారింది. అదే ఏడాది నేను సివిల్స్ రాస్తానని ఢిల్లీ వచ్చాను. సివిల్స్ రాలేదు. తర్వాత ఒక మామూలు ఉద్యోగం వచ్చింది. ఆ మధ్యకాలమంతా ఆదివారాలు ఆవిడ ఇంట్లోనే తిన్నాను. నేనొక్కణ్ణే కాదు. కటవారియా సరాయ్, జియా సరాయ్ గదుల్లో ఉండే తెలుగు కుర్రాళ్లు ఎవరొచ్చినా పెట్టేది. ముఖర్జీ నగర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇది చదివేవాళ్లలో కొందరు ఆ చేతి అన్నం తినే ఉంటారు. ఏం తిన్నారో మీకు గుర్తుండే ఉంటుంది.

ఆవిడ ఇంట్లో ఒక రూలుండేది. తినకుండా పని మాట మాట్లాడకూడదు. గ్యాసు కుర్రాడు బిల్లు తీసినా, “పహలే ఖా లో భయ్యా, బాద్ మే బాత్,” అని పళ్లెం పెట్టేది. ఎవరైనా పళ్లెం ముందు కూర్చుని ఎదురుచూడటం ఆవిడ చూడలేకపోయేది. అన్నం ముందు, కూర వెనకాల వచ్చినా సరే, పళ్లెం మాత్రం ఖాళీగా ఉండకూడదు.

రిటైరైన కొత్తలో ఆఫీసులో లీగల్ పనులు చూసే స్నేహితురాలు ఒక సంగతి చెప్పింది. పిల్లల్లేని విధవరాలు విల్లు రాయకుండా పోతే, ఆవిడ కష్టపడి సంపాదించినదైనా మొగుడి తరఫు వారసులకే పోతుంది. అది చట్టం. తర్వాత ఆదివారం మా అత్త నాతో అంది.

“వాడికి, మా బావగారికి, ఇది ముందే తెలుసురా. అందుకే రెండేళ్ల నుంచి కొడుకుని పంపిస్తున్నాడు.”

“విల్లు రాసెయ్ అత్తా.”

“విల్లు మీద కోర్టుకెళ్తారు. తిని అరిగిపోయినదాని మీద ఏ కోర్టుకెళ్తారు?”

అప్పుడు నాకు అర్థం కాలేదు. కొన్నాళ్లకి ఆ ఫ్లాటుని కింది అంకుల్‌కి పవర్ ఆఫ్ అటార్నీ మీద అమ్మేసింది. ఢిల్లీలో అప్పుడు ఇళ్లన్నీ అలాగే చేతులు మారేవి. బతికున్నంతకాలం తను అందులోనే ఉండాలి, సొమ్ము నెలనెలా కొంత ఇవ్వాలి. ఇదీ ఒప్పందం. అంకుల్ మాట తప్పలేదు. ఆవిడా ఆ సొమ్ము తన కోసం దాచుకోలేదు. దాదాపు అంతా బజారుకీ, పొయ్యి మీదకీ వెళ్లింది.

మా దగ్గర ఆ సంగతి దాచలేదు కూడా. వడ్డిస్తూనే చెప్పేది.

“కానివ్వండి. ఇవాళ్టితో ముందుగది సగం అయింది.”

మొదట కుర్రాళ్లు బిక్కచచ్చిపోయారు. తర్వాత అలవాటు పడ్డారు.

“ఆంటీ, ఈ గుత్తివంకాయ ఏది?”

“అది కిటికీ. గ్రిల్లుతో సహా.”

“నాకు ఇంకో గారె. బాత్రూం కాకపోతేనే.”

“బాత్రూం నిన్న మీ తెలంగాణవాడు తినేశాడు. సకినాలు కావాలన్నాడుగా.”

నెయ్యి వేసేటప్పుడు మాత్రం నవ్వేది కాదు. గిన్నె వంచి, ధార తెగకుండా పోస్తూ, పళ్లెం వైపే చూసేది. ఎవరి మీద కసితో పోస్తోందో నాకు తెలిసేది.

ఏటా ఎండాకాలంలో బావగారి కొడుకు వచ్చేవాడు. నాకు బావ వరస. చెడ్డవాడని చెప్పలేను. రైల్లో బియ్యం మోసుకొచ్చేవాడు. పిన్నీ పిన్నీ అంటూ కూలర్‌లో నీళ్లు పోసేవాడు, మదర్ డెయిరీ లైన్లో నిలబడేవాడు, ఫ్యాను తుడిచేవాడు. తుడుస్తూ పైకప్పు వంక చూసుకునేవాడు. ఒకసారి ముందుగది గోడ తట్టి, “ఇక్కడ గోడ తీసేస్తే హాలు పెద్దదవుతుంది పిన్నీ,” అన్నాడు.

“తీసేద్దాంలే అబ్బాయ్. ముందు అన్నం తిను,” అంది. వెనక కూర్చున్న కుర్రాళ్లు తల పైకెత్తలేదు. ఆ గోడ అప్పటికి రెండేళ్ల క్రితమే అయిపోయింది.

అతను వెళ్లాక బియ్యం చేటలో పోసి, గుప్పిట్లోకి తీసుకుని చూసేది. “నా చేలో బియ్యంరా ఇవి. రేవు పక్క చెక్కలోవి. నా బియ్యం నాకే కానుక తెచ్చాడు చూడు.” ఆ బియ్యం విడిగా వండేది. వాసనకే తెలిసేది మాకు. తను మాత్రం ముద్ద ముట్టేది కాదు.

ఇంత చేసినా నాకేమైనా మిగులుతుందేమోనని మా అమ్మకి ఆశ ఉండేది. ఊరి నుంచి ఫోన్ చేసి కదిపి చూడమంది. నేను కదపకుండానే ఆవిడ కనిపెట్టింది.

“నీకూ ఏమీ లేదురా. మీ నాన్న చీర పట్టుకుని చేతులు కడుక్కునే వేళకి వచ్చాడు.”

“పడవ ఆలస్యమైంది అత్తా.”

“ముందురోజే రావచ్చు,” అంది. అంతటితో ఆ మాట అయిపోయింది. నాకు కోపం రాలేదు. ఆవిడ అన్నది నిజం.

కిందటి శీతాకాలంలో ఒంట్లో బాగాలేనప్పుడు నాకొక పని చెప్పింది. “నేను పోతే వాడి కొడుకే తలకొరివి పెడతాడు. పెట్టనీ. కట్టెలకీ కర్మకీ ఈ ఇంటి సొమ్ములోనే కాస్త తీసి ఉంచాను, వాళ్ల పైసా ముట్టనివ్వకు. పెద్దకర్మకి వాడూ వస్తాడు, ముసలాడు. అన్నం ముందు ఏమీ చెప్పకు. నన్ను కూర్చోబెట్టినట్టు ఎవర్నీ కూర్చోబెట్టకు. కడుపు నిండా పెట్టు, రెండోసారి అడిగి పెట్టు. తర్వాత చెప్పు.”

“తిన్నాక చెబితే అరగదేమో అత్తా.”

“అందుకే,” అంది.

నేను కర్మ పూర్తయ్యేదాకా నోరు మూసుకున్నాను. అది తేలిక కాలేదు. బావ గుండు చేయించుకుని, తడిబట్టతో, చెప్పులు లేకుండా యమున ఒడ్డున నడిచాడు. కాళ్లు కాలాయి. సాయంత్రాలు నాతో ఈ ఫ్లాటు అద్దెకిస్తే ఎవరొస్తారని మాట్లాడేవాడు. ఒకటి రెండుసార్లు చెప్పేద్దామనిపించింది. డాబా మీద మళ్లీ పరిచిన ఆ వడియాల చీర కనపడి ఆగిపోయాను.

పెద్దకర్మకి ముసలాయన దిగాడు. ముందురోజే వచ్చాడు. నాకు మావయ్య వరస. డెబ్బై దాటినా మనిషి నిటారుగా ఉన్నాడు. రాగానే ఇల్లంతా కలియతిరిగి, కుళాయిలు తిప్పి చూశాడు. మర్నాడు యమున నుంచి అందరం స్నానాలు చేసి వచ్చాం. జియా సరాయ్ ఆంధ్రా మెస్సు వంటాయన పులిహోర, గారెలు, గుత్తివంకాయ చేశాడు. కుర్రాళ్లు వరసగా కూర్చున్నారు. విస్తళ్లు వేస్తుంటే ముసలాయన నన్ను పక్కకి పిలిచాడు. చేతిలో కాగితం ఉంది.

“అబ్బాయ్, పుట్టింటి తరఫున ఇక్కడ నువ్వొక్కడివేగా. మాకేం అభ్యంతరం లేదని ఓ సంతకం పెట్టు. భోజనాల ముందే అయిపోతే నిశ్చింతగా తింటాం.”

అదే మాట. ముప్పై ఏళ్లు దాటినా మార్చుకోలేదు. నా జుట్టు ఇంకా తడిగానే ఉంది.

“మా అత్త ఇంట్లో తినకుండా పనులు లేవు మావయ్యా. కూర్చోండి.”

“ఒక్క నిమిషం పని.”

“కూర్చోండి.”

కూర్చున్నాడు. నేనే వడ్డించాను. పులిహోర రెండోసారి అడిగాను, వేయించుకున్నాడు. గారెలు మళ్లీ వేశాను. గుత్తివంకాయ బాగుందన్నాడు. ఆవిడ బియ్యమే, మిగిలి ఉంటే ఆ పూటకి వండించాను. నెయ్యి ఆవిడ పోసినట్టే, ధార తెగకుండా పోశాను. మజ్జిగ తాగి, తేన్చి, గోడకి ఆనుకున్నాడు.

“ఇప్పుడు పెట్టు,” అన్నాడు, కాగితం జరుపుతూ.

“దేని మీద మావయ్యా?”

“దేని మీదేమిటి? ఈ ఇంటి మీద.”

“ఇల్లు లేదు. తినేశాం.”

బావ నవ్వాడు, నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని. ముసలాయన నవ్వలేదు. గుమ్మంలో నిలబడ్డ కింది అంకుల్ వైపు చూశాడు. అంకుల్ చేతులు కట్టుకుని తల ఊపాడు. ఎప్పుడు అమ్మిందో, ఎలా అమ్మిందో, సొమ్ము ఎక్కడికి వెళ్లిందో అంతా చెప్పాను. వరసలో కూర్చున్నవాళ్లని చూపించాను.

“ముందుగది వీళ్లు,” అన్నాను.

“పడకగదిలో నాకూ వాటా ఉంది,” అన్నాడు ఒకడు మెల్లగా. ఎవరూ నవ్వలేదు.

“ఏమీ మిగల్లేదా?” అన్నాడు ముసలాయన.

“బాల్కనీ మిగిలింది.”

“అదెవరిది?”

“మీరు ఇప్పుడు తిన్నది అదే మావయ్యా. ఇవాళ్టి భోజనంతో అయిపోయింది.”

ఆయన విస్తరి వంక చూశాడు. ఖాళీ చేసేశాడు. ఒక్క గారె తునక మిగిలింది. కాగితం నెయ్యి మరకలో పడింది. తీసుకోలేదు.

బావ చేతులు కడుక్కుని నా దగ్గరికొచ్చాడు. గుండు మీద చెమట తుడుచుకున్నాడు. ఇంటి గురించి అడగలేదు.

“నేను తెచ్చిన బియ్యం బాగున్నాయందా పిన్ని?”

“తన చేలోవే అంది.”

తల దించుకున్నాడు. నేను జాలిపడలేదు. ఇప్పుడూ పడటం లేదు. మా అత్తకి నేను చేసిన పని ఇదొక్కటే. ఆవిడ పెట్టిన అన్నానికి ఇంతకంటే మర్యాదగా కృతజ్ఞత చెప్పడం నాకు చేతకాలేదు.

విస్తళ్లు ఎత్తించి, గిన్నెలు కడిగించి, డాబా ఎక్కాను. చీర ఉతికి ఆరేశాను. ఎంత ఉతికినా వడియాల గుండ్రాలు పోలేదు. ఎండలోకి పట్టి చూస్తే వరసలు వరసలుగా కనిపిస్తాయి, ఆవిడ వేలిముద్రతో సహా.

ముసలాయన, బావ ఆ సాయంత్రం రైలుకే వెళ్లిపోయారు. కుర్రాళ్లు చీకటి పడకముందే గదులకి వెళ్లారు. కింది అంకుల్‌కి తాళంచెవి ఇచ్చి, అందరికంటే ఆఖరున నేను వెళ్లాను.