నాకు, నక్కో

మొన్న ఆదివారం మా మనవరాలు నన్ను కరీంనగర్‌లో ఒక ఫంక్షన్ హాలుకు తీసుకెళ్లింది. స్టాండప్ కామెడీ అట, ఒక్క కుర్రవాడు మైకు పట్టుకొని గంటసేపు మాట్లాడతాడు, జనం నవ్వుతారు, అంతే. మోకాళ్ల నొప్పులదాన్ని నాకెందుకే అని గొణుక్కుంటూనే పోయాను. ఆ పిల్లవాడు వాళ్ల నాన్న ఫోన్లో అరుస్తూ మాట్లాడే తీరు చేసి చూపిస్తుంటే హాలంతా గొల్లుమంది, నేనూ నవ్వాను, నవ్వుతూ నవ్వుతూనే ఉన్నట్టుండి కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. మనవరాలు అవి నవ్వినందుకు వచ్చిన నీళ్లే అనుకుంది, నేనూ కాదనలేదు.

స్టాండప్ కామెడీ అన్న మాట మా చెవిన పడకముందే ఆ పని చేసిన మనిషి ఒకాయన మా ఆదిలాబాద్‌లో ఉండేవాడు. మా వాడకట్టులోనే బట్టలు కుట్టే చాచా. మెడలో టేపు తీయకుండానే స్టేజీ ఎక్కేవాడు. మా మిషన్ కాంపౌండులో క్రిస్మస్ కార్యక్రమమైనా, గణపతి మండపమైనా, మేం బాపు అని పిలిచే మా నాన్న పనిచేసే పత్తి జిన్నింగు మిల్లు కార్మికుల సభ అయినా ఆయన లేకుండా జరిగేది కాదు. ఆయన ఎన్ని ముచ్చట్లు చెప్పినా చివరికి జనం అరిచి మరీ అడిగేది ఒక్కటే. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన మా ఊళ్లో పెళ్లి బంతిలో కూర్చుంటాడు. బగారన్నం బకెట్ పట్టుకొని వచ్చిన వాడికి తెలుగు రాదు. ముసలాయన చెయ్యి చాపి 'నాకు, నాకు' అంటాడు. వాడికి అది 'నక్కో' అని వినిపిస్తుంది. మా ఊళ్లో ముస్లిముల ఇళ్లలో నక్కో అన్నా, మరాఠీవాళ్లు నకో అన్నా వద్దనే కదా అర్థం, అందుకని వాడు 'అచ్ఛా' అని దండం పెట్టి పక్కవాడి ముందుకు పోతాడు. ఆ వడ్డించేవాడి తెలివితక్కువ మొహాన్ని చాచా ఎంత బాగా పెట్టేవాడంటే, ఏటేటా విన్నవాళ్లు కూడా కడుపు పట్టుకునేవారు.

మా బాపు ఆయనకు వీరాభిమాని. ఆ ముచ్చట మా ఇంట్లో ఒక ఆటైపోయింది. అన్నం దగ్గర బాపు కంచం ముందుకు జరిపి, చాచా ముచ్చటలోని ముసలాయన గొంతుతో 'నాకు' అనేవాడు. గిన్నె పట్టుకున్నవాళ్లు వెంటనే 'అచ్ఛా' అని వెనక్కి తీసుకోవాలి, బాపు బిక్కమొహం పెట్టాలి, మేం నవ్వాలి. మా అమ్మ, అవ్వ అనేవాళ్లం, పైకి కసురుకునేది గాని, ఆ 'అచ్ఛా' అందరికంటే ముందు అనేది ఆమే.

నేను నర్సు ట్రైనింగులో మొదటి ఏడాది ఉన్నప్పుడు బాపుకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. తొమ్మిది రోజులు ఆసుపత్రి మంచం మీద కళ్లు తప్ప ఏదీ కదల్లేదు. పదో రోజు మధ్యాహ్నం గ్లాసుతో నీళ్లు పట్టుకొని దగ్గరికి పోయాను. పెదవులు కదిలాయి. ముద్దగా, తడబడుతూ ఒక మాట వచ్చింది. నాకైతే ప్రాణం లేచి వచ్చినట్టయింది, మా బాపు మళ్లీ ఆట ఆడుతున్నాడు అనుకున్నాను. 'అచ్ఛా' అని నవ్వి, గ్లాసు బల్ల మీద పెట్టేసి, ఆ సంతోషం చెప్పడానికి వరండాలో ఉన్న అవ్వ దగ్గరికి పరుగెత్తాను. మేమిద్దరం తిరిగి వచ్చేసరికి బాపు లేడు.

ఏమన్నడే అని అవ్వ నన్ను పట్టుకొని అడిగింది. నక్కో అన్నాడని చెప్పాను. ఆ మాట ఆమెకు ఊరటైంది, ఆ తర్వాత బతికినన్నాళ్లూ మా ఆయన దూపతోని పోలే, నీళ్లు వద్దని చెప్పే పోయిండు అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది. నేను పక్కనే కూర్చొని తల ఊపేదాన్ని.

ఎవరికీ చెప్పుకోలేక, కొన్నేళ్లకు ఒక పొద్దున చాచా కొట్టుకే పోయాను. నిజం చెప్పాలంటే పోట్లాడటానికే పోయాను. ఆయన ముచ్చటే లేకపోతే నా చెయ్యి వెనక్కి పోయేది కాదు కదా అని ఉక్రోషం. అంతా విని ఆయన మిషను ఆపాడు. మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టాడు.

"గా వడ్డించినోణ్ని నేనే బిడ్డా," అన్నాడు. "మా అక్క నిఖాల. గప్పుడు నాకు తెలుగు రాకపోతుండె. గా ముసలాయన మూడుసార్లు అడిగిండు, మూడుసార్లు నేను ముందుకు వోయిన. ఉత్త కంచం ముందటికెల్లి లేసి వోయిండు. ఏ ఊరో, ఎవరో ఇప్పటికీ ఎర్కలే."

మరెందుకు అందరినీ నవ్విస్తున్నావు చాచా అని అడిగాను. "నవ్వేది గాయన్ని జూసి గాదు, నన్ను జూసి. నవ్వనీ," అని మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. అయినా ఆ రోజు నుంచి నేను ఆయన మనిషినే. ముప్పై ఏళ్లకు పైగా చేసిన ఉద్యోగంలో, మాట సరిగా రాని రోగి ఏమన్నా, ఆ మాటను నమ్మకుండా చెంచాతో నీళ్లు పెదవులకు తాకించి చూసేదాన్ని. తోటి నర్సులు నాది చాదస్తమని నవ్వేవారు, నవ్వనీ అనుకునేదాన్ని.

చాచా పోయాడు, అవ్వా పోయింది. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు వాటర్ అంటారు, నో అంటారు, ఒకదాన్ని ఇంకొకటిగా వినే ప్రమాదమే లేదు. ఆ ముచ్చట చెప్పబోతే ఆ రెండు మాటలకూ అర్థం విడమర్చాలి, అప్పటికి నవ్వు చచ్చిపోతుంది. అవ్వ ఉన్నంతకాలం ఆమె కోసం అబద్ధం చెబుతున్నానన్న సాకైనా ఉండేది. ఇప్పుడు ఎవరికోసమూ చెప్పాల్సిన పని లేదు. బాపు ఆ మధ్యాహ్నం నక్కో అనలేదు. దాహం వేసి, నాకు అన్నాడు.