విప్పిన కుట్టు

పెరిగే పిల్లల బట్టల్లో మూడు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి కుట్టడం రామలింగానికి తండ్రి నేర్పిన నియమం. ఏడాది తిరిగేసరికి పిల్ల ఎదుగుతుంది. మడత విప్పితే చాలు, అదే జత మరో ఏడాది వస్తుంది. యాకుత్‌పురా స్టేషనుకు పోయే దారిలో రెండు గజాల వెడల్పున్న అతని దుకాణానికి జూన్ నెలలో తల్లులందరూ వెతుక్కుంటూ వచ్చేది ఆ మూడు వేళ్ల గుడ్డ కోసమే. ఊరందరి బట్టలూ కుట్టి తన పిల్ల బట్టలు చిట్టచివర ముట్టుకోవడం దర్జీల ఇళ్లలో ఆనవాయితీ. ఈ ఏడు మాత్రం రామలింగం ఆ ఆనవాయితీ తప్పాడు. బడి తెరవడానికి పది రోజుల ముందే కూతురు సాయిప్రియకు రెండు జతల యూనిఫారం కుట్టి, ఇస్త్రీ చేసి, వచ్చేపోయేవారికి కనబడేలా కొక్కేనికి తగిలించాడు.

"ఏంది మాస్టర్, ఈసారి బిడ్డది ముందుగాల్నే అయింది?" అని పక్కింటి సురయ్యా ఆటపట్టించింది. పదిహేనేళ్లుగా అతని దుకాణానికి గుండీల కాజాలు తీసేది ఆమే; అతనికి అక్క వరస.

"ఆరో తరగతి గదా ఆపా," అన్నాడు రామలింగం.

అతని చదువు ఆరో తరగతిలోనే ఆగింది. ఎవరూ ఆపలేదు, నలభై రెండేళ్లు వచ్చినా అతనికి మింగుడుపడని సంగతి అదే. పెద్ద బడిలో చేరిన రెండో నెలలో జ్వరం వచ్చి నాలుగు రోజులు ఇంట్లో పడుకున్నాడు. అయిదో రోజు బడికి పోవాలంటే బెరుకు కలిగి, కడుపునొప్పి అన్నాడు. ఊరికే కూర్చోవడమెందుకని తండ్రి అతని చేతికి సూదీ గుండీలూ ఇచ్చాడు. సాయంత్రం ఆ చొక్కా వెలుతురులో ఎత్తి చూసి, "చెయ్యి మంచిగుందిరా కొడుకా," అన్నాడు. తండ్రి నోట మెప్పు వినడం అదే మొదలు. ఆరో రోజు కడుపునొప్పి అని చెప్పవలసిన అవసరం కూడా రాలేదు. పొమ్మన్నవారు లేరు, వద్దన్నవారూ లేరు. పుస్తకాల సంచి కొంతకాలం గోడకు వేలాడింది. తరువాత అందులో గుండీలు పోసుకున్నారు.

కూతురు పెద్ద ఉద్యోగం చేయాలని రామలింగం ఎన్నడూ మొక్కుకోలేదు. ఆరో తరగతి దాటితే చాలు, ఆపై మెట్లు తానే ఎక్కుతుందని అతని నమ్మకం.

అయిదో తరగతి వరకు సాయిప్రియ చదివింది వీధి చివరి చిన్న బడిలో. అక్కడ ఒకే గది, ఒకే పంతులమ్మ. రాజమణి టీచరు పిల్లల ముఖాలు చూసి హాజరు వేసుకునేది; పేరు పెట్టి పిలవవలసిన పని ఆమెకు ఉండేది కాదు. పెద్ద బడిలో ఒక్క తరగతికే అరవై ఇద్దరు. గంట కొట్టినప్పుడల్లా ఒక కొత్త ముఖం లోపలికి వస్తుంది, పాత ముఖం వెళ్లిపోతుంది. మొదటి మూడు రోజులూ ప్రవేశాల హడావుడిలో ఎవరూ హాజరు తీయలేదు.

నాలుగో రోజు పదిన్నరకు రామలింగం ఫోనుకు బడినుంచి సందేశం వచ్చింది. కూడబలుక్కుని చదివాడు. మీ అమ్మాయి నేడు హాజరు కాలేదు. తొమ్మిది గంటలకు తన స్కూటరు మీద దింపి, గేటు దాటి లోపలికి పోయేదాకా చూసి వచ్చిన పిల్ల. కత్తెర కింద పడేసి పరుగెత్తాడు. ఆఫీసు గదిలో ఉన్న మనిషి రిజిస్టరు తిప్పి, "సాయిప్రియ రాలేదండీ, ఇక్కడ రాసే ఉంది," అన్నాడు. తరగతి దాకా వెళ్లి చూద్దామని ఆ మనిషికీ తోచలేదు, ఈ మనిషికీ తోచలేదు. రిజిస్టరులో రాసినది తప్పవుతుందని ఆరో తరగతి దాటనివాడు ఎలా అనుకుంటాడు?

సాయంత్రం దాకా వెతికాడు. గౌలిపురా మార్కెట్టు, తెలిసినవారి ఇళ్లు, స్టేషను ప్లాట్‌ఫారాలు. పట్టాల వైపు చూడడానికి భయపడుతూనే చూశాడు. నాలుగుంబావుకు మళ్లీ బడి దగ్గరికి వచ్చేసరికి, పిల్లల గుంపు మధ్యనుంచి సంచి తగిలించుకుని సాయిప్రియ నడిచి వస్తోంది.

"ఎక్కడ తిరిగినవ్?"

"క్లాసులనే ఉన్న బాపూ."

"అబద్ధం."

పదకొండేళ్లలో ఆ పిల్ల మీద అతడు చెయ్యి చేసుకున్నది అదొక్కసారే. గేటు ముందు, అరవై మంది చూస్తుండగా.

మర్నాడు సాయిప్రియ గేటు ఊచ పట్టుకుని నిలబడిపోయింది. లోపలికి అడుగు పడలేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీయబోతే అక్కడే వాంతి చేసుకుంది. ఆ తరువాతి రోజూ అంతే.

నిజం చెప్పినది సురయ్యా కూతురు హఫ్సా. తల్లి కాజాలు తీసిన చొక్కాల మూట ఇవ్వడానికి వచ్చి, గడప దగ్గరే నిలబడింది. సాయిప్రియదీ ఆమెదీ ఒకే తరగతి.

"మామూ, ఆ దినం ప్రియ క్లాసులనే ఉండె. కసమ్. సార్ పేరు పిలిచిండు, మూడుసార్లు. ఆమె లేచి నోరు తెరిచింది, ఆవాజ్ రాలే. వెనుక బెంచోళ్లు నవ్విన్రు. సార్ తలెత్తకుంటనే లేదని రాసుకున్నడు."

"నువ్వెందుకు చెప్పలేదు బేటీ?"

"నాకు గూడ డర్ అయింది మామూ."

ఆ మాట విన్న క్షణానే కూతురి దగ్గరికి పోయి తప్పు ఒప్పుకోవలసింది. రామలింగం ఒప్పుకోలేదు. బిడ్డ ముందు తండ్రి తల వంచడం అతడు ఎక్కడా చూడలేదు, చూడనిది చేతకాలేదు. దానికి బదులు కొత్త జామెట్రీ పెట్టె కొన్నాడు. సాయిప్రియ దాన్ని తెరిచి చూసి, మూసి, గూట్లో పెట్టింది.

రోజులు గడిచిన కొద్దీ అతనికి దిక్కు తోచలేదు. ఆసుపత్రిలో కడుపులో ఏమీ లేదన్నారు. బచ్చీకి నజర్ తగిలిందని సురయ్యా తాయెత్తు తెచ్చి కట్టింది. భార్య స్వరూప ఆదివారం అమ్మవారికి కొబ్బరికాయ కొట్టింది. బతిమాలాడు, సైకిలు కొనిపెడతానన్నాడు, ఒకరోజు గేటు దగ్గర ఆ పిల్ల కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. ప్రతి ఉదయమూ యూనిఫారం తొడిగించి తీసుకుపోవడం, తొమ్మిదింబావుకు గేటు మూశాక తిరిగి తీసుకురావడం. పదిన్నరకు ఫోను మోగేది. ఏమి రాసి ఉందో తెలిసినా ప్రతిసారీ తెరిచి చదివేవాడు.

జూలై రెండో వారంలో ప్రధానోపాధ్యాయురాలు శారదాంబ అతన్ని పిలిపించింది.

"పిల్లను చూడకుండానే రాలేదని చెప్పడం మా పొరపాటే, రామలింగంగారూ. మావాళ్లతో ఆ సంగతి మాట్లాడాను. కానీ నెల రోజులు వరుసగా రాని పిల్ల పేరు రిజిస్టరులో ఉంచలేను. సీటు కోసం నలభైమంది ఎదురు చూస్తున్నారు. వచ్చే సోమవారం వరకు ఆగుతాను."

"ఎట్లనన్న చేసి తీస్కొస్త మేడం."

"ఎలాగైనా అనకండి. ఏడిపించి తీసుకురావద్దు."

ఏడిపించకుండా ఎలా తీసుకురావాలో ఆమె చెప్పలేదు. బహుశా ఆమెకూ తెలియదు.

ఈలోగా బోనాలు దగ్గర పడ్డాయి. దుకాణంలో జాకెట్లూ, ఫాల్ కుట్టవలసిన చీరలూ గుట్టపడ్డాయి. గేటు దగ్గరనుంచి తిరిగి వచ్చిన సాయిప్రియ ఊరికే కూర్చోలేక ఒకనాడు చీర అంచు అందుకుంది. ఎప్పుడు చూసి నేర్చుకుందో, కుట్టుకూ కుట్టుకూ మధ్య వెంట్రుకవాసి తేడా లేదు. పైనుంచి చూస్తే దారం జాడే కనబడదు.

శనివారం పొద్దున లలితమ్మ తన రెండు చీరల్లో ఒకటి పట్టుకుపోవడానికి వచ్చింది. కళ్లజోడు సర్దుకుని అంచంతా తిప్పి చూసింది.

"ఎవలు కుట్టిండ్రు రామలింగం? కుట్టు ఏడుందో దేవులాడుకోవాల్సి వస్తున్నది."

"నా బిడ్డ."

"ఇంకేంది నీకు ఫికర్? చేతిల పని ఉన్నది. రెండోది గూడ దీంతోనే కుట్టియ్యి."

సాయిప్రియ నవ్వింది. నెల రోజుల తరువాత నవ్వింది. వంటపనికి పోయి అప్పుడే వచ్చిన స్వరూప ఆ నవ్వు చూసి కొంగుతో కళ్లొత్తుకుని, భర్తను పక్కకు పిలిచింది.

"పోనియ్యరాదయ్యా. బడి బడి అని పోరిని సంపుకుంటవా? నీ చెయ్యే దానికొచ్చింది. ఇంటిపట్టున పని నేర్చుకుంటది, మనకింత ఆసరా అయితది. నలుగురు సదువకుంటనే బతుకుతలేరా?"

రామలింగం వెళ్లి మిషను ముందు కూర్చున్నాడు. ఆమె మాటల్లో తప్పేముంది? తాను బతకడం లేదా?

మధ్యాహ్నం స్వరూప ఇంట్లోకి పోయింది. దుకాణంలో తండ్రీ కూతురూ మిగిలారు. రెండో చీర ఫాల్ సగానికి పైగా అయింది. సాయిప్రియ ఆ అంచును తండ్రి ముందుకు చాపింది. రామలింగం దాన్ని వెలుతురులోకి ఎత్తాడు.

"చెయ్యి మంచిగుంది బిడ్డా," అన్నాడు.

అన్నాక, చీర ఎత్తిన చేతులు గాలిలోనే ఆగిపోయాయి. ఆ గొంతు తనది కాదు. ముప్ఫై ఏళ్ల కిందట ఇదే గడపలో, ఇదే వెలుతురులో తన తండ్రి అన్న మాట. గోడకేసి చూశాడు. సాయిప్రియ పుస్తకాల సంచి అక్కడే కొక్కేనికి వేలాడుతోంది.

బల్ల మీది బ్లేడు తీసుకున్నాడు. ఒక చివరనుంచి మొదలుపెట్టి, ఆ పిల్ల పొద్దటినుంచి కుట్టినదంతా టపటపా కోసుకుంటూ పోయాడు. దారపు ముక్కలు నేల మీద రాలాయి.

"ఇది పనికి రాదు," అన్నాడు.

సాయిప్రియ కాసేపు దారాల వైపే చూసింది. తరువాత తలెత్తి తండ్రిని చూసింది. ఆ చూపులో భయం లేదు.

"మంచిగనే ఉండె."

"పనికి రాదంటున్న గదా."

"ఇప్పుడే గదా మంచిగుందంటివి. క్లాసులనే ఉన్ననంటే ఆ దినం అబద్ధమంటివి. ఇప్పుడు నువ్వే అబద్ధమాడుతున్నవ్."

రామలింగం మిషను బల్ల మీదినుంచి దిగి, రాలిన దారాల మధ్య నేల మీద కూర్చున్నాడు.

"అవు. అబద్ధమే. ఆ దినం నువ్వు క్లాసులనే ఉన్నవ్. హఫ్సా చెప్పింది. చెప్పినాంక గూడ నీకు తప్పయిందని చెప్పలే. అందరి ముంగట కొట్టిన. తప్పు నాదే బిడ్డా."

అతడు సంచి వైపు చెయ్యి చూపాడు.

"నీ లెక్కనే నాకు గూడ భయమైంది, ఆరో తరగతిల. ఇంట్ల కూసున్న. మీ తాత చేతికి గుండీలిచ్చిండు. చెయ్యి మంచిగుందన్నడు. గంతే. నాకు బడి గిట్టకపోలేదు బిడ్డా. ఒక్కలన్న పొమ్మంటరేమో అని శానా దినాలు చూసిన. నా సంచిల గుండీలు పోసిండ్రు."

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. నెల రోజులుగా గేటు దగ్గర రాని ఏడుపంతా ఒక్కసారి వచ్చింది. అతడు ఆపమనలేదు. వెక్కిళ్ల మధ్య ఆమె అన్నది ఒక్కటే.

"పేరు పిలిస్తే గొంతుల ఏదో అడ్డం పడ్తది బాపూ. మళ్లొక్కసారి పోయినా పడ్తది."

పడదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ పూటకు ఆడిన అబద్ధం చాలు.

"పడ్తది," అన్నాడు. "అడ్డం పడ్డప్పుడు చెయ్యి లేస్తదా?"

సాయిప్రియ అర్థం కానట్టు చూసింది. తరువాత మెల్లగా, చెవి దాకా, కుడి చెయ్యి ఎత్తింది.

సోమవారం పొద్దున ఇద్దరూ పెద్ద మేడం గదిలో నిలబడ్డారు. చెప్పదలచుకున్నదంతా రామలింగం దారిపొడుగునా వల్లె వేశాడు. తీరా చెప్పవలసి వచ్చేసరికి అతని గొంతూ పట్టుకుంది.

"దీనికి మాట రాదు మేడం, పేరు పిలిస్తే. చెయ్యెత్తుతది. చెయ్యెత్తితే ఉన్నట్టు రాసుకోమని సార్లకు చెప్పుండ్రి. మీ కాల్మొక్త."

శారదాంబ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. పిల్లవైపు తిరిగింది.

"హాజరు నోటితోనే పలకాలని నిబంధన ఏదీ లేదు," అన్నది. "కానీ ఎత్తిన చేతిని వాళ్లు తలెత్తి చూడాలి. ఆ సంగతి నేను చూసుకుంటాను. హఫ్సా పక్కన కూర్చుంటావామ్మా?"

సాయిప్రియ తల ఊపింది. తలుపు దాటి వరండాలోకి పోయింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని రామలింగం ఆగాడు. చూడలేదు. అది ధైర్యమో, మొండితనమో, చూస్తే ఇక పోలేననే భయమో అతనికి అంతుపట్టలేదు.

దుకాణానికి వచ్చి ఫోనును మిషను పక్కన, కళ్లకు ఎదురుగా పెట్టుకున్నాడు. పది దాటింది. లలితమ్మ చీర ముందేసుకుని, తాను విప్పిన ఫాల్ తానే కుట్టసాగాడు. పదిన్నర. సూది వేలికి గుచ్చుకుంది. రెండు నిమిషాలకు ఫోను మోగింది. రక్తం అంటిన వేలు గుడ్డకు తగలకుండా పైకెత్తి, ఎడమ చేత్తో తెరిచాడు. లలితమ్మ. చీర అయిందా అని సందేశం పెట్టింది. అతడు జవాబివ్వలేదు. ఇంకేదైనా వస్తే ఆ మోత వినబడదేమోనని మిషను కూడా తొక్కలేదు.

పదకొండు అయింది. ఏమీ రాలేదు.

రానంత మాత్రాన గట్టెక్కినట్టు కాదు. ఈ గంట తరువాత ఇంకో గంట కొడతారు, ఇంకో ముఖం లోపలికి వస్తుంది. రేపూ పదిన్నర అవుతుంది. ఏడాదిలో ఎన్ని పదిన్నరలున్నాయో లెక్క వేయబోయి మానుకున్నాడు.

కాజాల మూట తీసుకోవడానికి వచ్చిన సురయ్యా అతని భుజం మీదుగా చీర అంచు చూసింది.

"ఏంది మాస్టర్, నీకు నజర్ తగ్గిందా ఏంది? బిడ్డ కుట్టింది దీనికన్న మస్తుండె గదా."

"ఉండె ఆపా," అన్నాడు రామలింగం, ఫోను మీదినుంచి చూపు తిప్పకుండా. "గందుకే విప్పిన."